తొమ్మిదో నెల అద్దె

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, నేను రాసిన ఒక్క వాక్యం చదివి ఒక మనిషి వెళ్ళిపోయిందేమోనని. వెళ్ళిపోవడమంటే మా వెబ్‌సైటులోంచి కాదు. సైటులోంచి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావచ్చు, పాస్‌వర్డ్ మర్చిపోతే సైటు నడిపే పెద్దక్క కొత్తది ఇస్తుంది. నేను అంటున్నది అసలు వెళ్ళిపోవడం గురించి. నాలుగు రోజులుగా ఈ మాట నాలోనే ఉంది. మా ఆయనకి సగం చెప్పాను, అత్తయ్యకి అసలు చెప్పలేదు. ఇప్పుడు మధ్యాహ్నం రెండుంబావుకి, మంచం మీద గోడకి ఆనుకుని, ఎడమ చెయ్యి మీద పిల్ల నిద్రపోతుంటే, కదలడానికి వీల్లేక నాకు నేనే చెప్పుకుంటున్నాను. పిల్లకి రెండు రోజులుగా దగ్గు, ఇప్పుడే కన్నంటుకుంది. కదిలితే లేస్తుంది, లేస్తే దగ్గుతుంది, దగ్గితే తాగిన పాలన్నీ కక్కేస్తుంది, అందుకని కదలను. ఫోను ఎదురుగా ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉంది, ఎవరు పెట్టారో స్టీలు పళ్ళెంలో పెట్టారు, నేనే పెట్టి ఉంటాను. మోగకుండా చేశాను గానీ వణకకుండా చెయ్యడం మర్చిపోయాను. అది వణికినప్పుడల్లా పళ్ళెం గుర్రుమంటుంది, గుర్రుమన్నప్పుడల్లా ఎవరో చందా పంపారని అర్థం. ఈ సాయంత్రం ఐదింటికి సైటు గడువు. ఐదులోపు ఏడాది అద్దె కట్టకపోతే ఆపేస్తామని, సైటుని ఇంటర్నెట్‌లో ఉంచే కంపెనీవాళ్ళు మూడుసార్లు రాశారు. నిన్న రాత్రికి ఇంకా మూడో వంతు తక్కువ ఉంది. అద్దె గురించీ భయమే. కానీ అది రెండో భయం, ముందు భయం పక్కన అది చంటిపిల్ల.

సైటు పేరు ‘తొమ్మిదో నెల’. మాలో ఎవరికీ తొమ్మిదో నెల రాలేదు, అందుకని ఆ పేరు. ఏడో నెలలో కన్నవాళ్ళు, ఎనిమిదిలో కన్నవాళ్ళు, ఆరు దాటీ దాటకుండానే కన్నవాళ్ళు, రెండొందల చిల్లర మంది తల్లులం ఉన్నాం. పెట్టింది పెద్దక్క. ఆవిడ పిల్లల్ని అద్దాల పెట్టెల్లో ఉంచే వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది, మానేశాక చేతులు ఊరుకోక ఇది పెట్టింది. అక్కడ పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, ఫోను నంబరు అసలే అడగకూడదు. ఎందుకంటే ఇంట్లో చెప్పుకోలేనివే అక్కడ రాస్తాం, అవి మళ్ళీ నడుచుకుంటూ ఇంటికి రాకూడదు. బరువు మాత్రం అడగొచ్చు. బరువే అడుగుతాం. కొత్తగా వచ్చినవాళ్ళని ఎవరమ్మా మీరు అనం, ఎంతమ్మా అంటాం. పదకొండొందల నలభై, అన్నాను నేను చేరిన రోజున. నా పిల్ల అంతే ఉండేది, అరచెయ్యి చాచితే మిగిలేది. నన్ను అక్కడ పార్సిలమ్మ అంటారు, పెళ్ళికి ముందు నేను కొరియర్ ఆఫీసులో తూకం దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి.

గుర్ర్. పన్నెండోది. లెక్క తప్పకూడదు. పన్నెండు.

చందా కూడా బరువు లెక్కే. ఇది పెద్దక్క పెట్టింది కాదు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అదే వాడుకైపోయింది. పుట్టినప్పుడు బిడ్డ ఎన్ని గ్రాములుందో అందులో చివరి సున్నా తీసేసి, నెలకి అంత పంపుతాం. నాది నూట పధ్నాలుగు. బరువుగా పుట్టిన బిడ్డ తల్లి ఎక్కువిస్తుంది, తేలిగ్గా పుట్టిన బిడ్డ తల్లి తక్కువిస్తుంది. తేలికవాళ్ళకి ఆసుపత్రి దగ్గరే ఉన్నదంతా ఊడ్చుకుపోయి ఉంటుంది కదా, కాబట్టి న్యాయంగానే ఉంది. డబ్బు వచ్చే దారిలో పేర్లు కనిపించకుండా పెట్టించింది పెద్దక్క, అంకె ఒక్కటే కనిపిస్తుంది, కింద చిన్న గడిలో ఒక ముక్క రాసుకోవచ్చు. అంకె చూస్తే నాకు మనిషి తెలిసిపోతుంది. రెండొందల యాభై అయిదు వస్తే కవలలమ్మ, ఇద్దరివీ కలిపి పంపుతుంది, ‘టోకున కొంటే తగ్గింపు ఉందా’ అని ప్రతి నెలా గడిలో రాస్తుంది, ప్రతి నెలా నవ్వొస్తుంది. అరవై ఒకటి వస్తే ఆవిడ. ఆవిడ గడిలో ఏమీ రాయదు, సైటులో మారుపేరుగా పాప పేరే పెట్టుకుంది. ఆవిడ పాప తొమ్మిది రోజులే ఉంది, మూడేళ్ళయింది, అరవై ఒకటి మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. తొంభై రెండు వస్తే రెండు కిలోలు.

రెండు కిలోలు అంటే ఆమె. రెండు కిలోలు నిండితే ఇంటికి పంపిస్తామన్నారట డాక్టర్లు, ఆ ఆశనే పేరు పెట్టుకుంది. తొమ్మిదొందల ఇరవై గ్రాముల మగపిల్లాడు. పదకొండు నెలల కిందట చేరింది. మొదట్లో ఏమీ మాట్లాడేది కాదు, రోజూ పొద్దున బరువు ఒక్కటే రాసేది. ‘పదమూడొందల ఎనభై. పది పెరిగాడు.’ అంతే. పది గ్రాములు. కొరియర్లో పది గ్రాములంటే రెండు కాగితాలు, మేం లెక్కలోకే తీసుకునేవాళ్ళం కాదు. ఆ పది గ్రాములకి మేం ముప్పై మందిమి కింద వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్ళం. ఒకరోజు ‘పదిహేను తగ్గాడు’ అని రాసింది, ఆ రోజు నేను కుక్కర్ మాడ్చాను. ‘రెండు వేల పది’ అని రాసిన రోజున ఏడ్చాను, మా అత్తయ్య వచ్చి ఎవరు పోయారే అంది, ఎవరూ పోలేదత్తయ్యా, ఇంటికొచ్చారు అన్నాను. ఆమె గురించి తెలిసినవి ఆ తర్వాత ముక్కలుముక్కలుగా తెలిసినవే. భర్త ఓడలో పని, వస్తే ఏడాదికోసారి. ఇంట్లో బట్టలు కుడుతుంది, పాతవి సరిచేస్తుంది. నాలుగో అంతస్తు. అయిదు నెలలుగా లిఫ్టు పాడైంది, పిల్లాడిని భుజాన వేసుకుని, సంచి చేతికి తగిలించుకుని, రెండో అంతస్తు మలుపులో ఒకసారి మెట్టు మీద కూర్చుని ఎక్కుతుందట. మెట్ల పక్కన గోడకి ఎవరో పిల్లలు సుద్దతో గీసిన ఏనుగు ఉందట. దాని తొండం దగ్గర ఆగుతాను అని రాసింది. నెలనెలా ఒకటో తారీఖున తొంభై రెండు వచ్చేది, గడిలో ఒక్కటే మాట: ఉన్నాం. ఉన్నాను కాదు, ఉన్నాం. ఇద్దరి తరఫునా.

ఈ నెల ఒకటో తారీఖున రాలేదు. ఇవాళ ఐదు.

తలుపు కిర్రుమంది. అత్తయ్య. ఆవిడ తలుపు ఎంత మెల్లగా తెరిచినా కిర్రుమంటుంది, గట్టిగా తెరిస్తే అనదు, ఆ సంగతి ఆవిడకి చెప్పినా నమ్మదు.

“ఆ ఫోను అట్లా గిలగిలా కొట్టుకుంటోంది, పాపం ఏమొచ్చిందో,” అంది గుసగుసగా.

“ఇటిస్తారా అత్తయ్యా.”

“ఇస్తే నువ్వు దాంట్లో దూరతావు, చెయ్యి కదుపుతావు, పిల్ల లేస్తుంది. దాని మానాన దాన్ని కొట్టుకోనీ.” ఆవిడ వంగి పిల్ల నుదురు తాకి చూసింది. “అద్దె నిండిందా మీ ఇంటికి?”

“ఇంకా లేదు.”

“ఇల్లు లేదు, వాకిలి లేదు, అద్దె మాత్రం ఉంది,” అని, పోతూపోతూ తన కొంగుతో పిల్ల మూతి తుడిచి, “రెండొందల మంది ఆడవాళ్ళు ఉండే ఇంటికి ఆ మాత్రం అద్దె తక్కువేలే,” అని తలుపు మళ్ళీ కిర్రుమనిపించింది.

తీసుకొచ్చి ఇచ్చేస్తే ఏం పోయేది. అయినా ఆవిడ మాటా నిజమే, నేను దూరతాను. నాకు మొదటిసారి ఆ సైటు దొరికింది ఆసుపత్రి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో, కుట్లు లాగుతుంటే ఒక పక్కకి ఒరిగి కూర్చుని. పంతొమ్మిది రోజులు పిల్లని ముట్టుకోనివ్వలేదు. నాకేం బాధంటే, నా చేతికి తూకం తెలుసు. సంచి ఎత్తితే ఇది కిలో రెండొందలు అని చెప్పేస్తాను, తూకంలో పెడితే అయిదో పదో తేడా. నా చేత్తో ఎంతమంది పార్సిళ్ళు ఎత్తాను, నా పార్సిల్ నేను ఎత్తలేదు, అద్దం మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, అద్దానికి బరువుండదు కదా. చూసే వేళ అయిపోగానే నర్సు గంట కొట్టేది, అందరం లేచేవాళ్ళం, నేను అద్దానికి నోరు ఆనించి వస్తానమ్మా అనేదాన్ని. వెళ్తూ వస్తాననడం. మా అమ్మమ్మ నేర్పింది. చిన్నప్పుడు బడికి పోతూ వెళ్తానే అమ్మమ్మా అంటే చేతిలో చాట అక్కడే పెట్టి గుమ్మం దాకా వచ్చేది. “వెళ్తాననకూడదే, వెళ్ళొస్తాననాలి. వెళ్ళేది గాలి, వెళ్ళొచ్చేది మనిషి. అనిపో.” వెళ్ళొస్తాను అనేదాకా కదలనిచ్చేది కాదు, బడి గంట మోగుతున్నా సరే. ఆ బడీ ఎంతో కాలం లేదు. తొమ్మిదో క్లాసు సగంలో అమ్మకి జబ్బు చేసింది, సంచి గూట్లో పెట్టాను, మళ్ళీ తియ్యలేదు. నా చదువూ నెలలు నిండకుండానే ఆగింది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

గుర్ర్. గుర్ర్. వెంటవెంటనే రెండు. పధ్నాలుగు. ఇంతమంది ఒక్కరోజే ఎందుకు పంపుతున్నారు. పోయిన నెల మొత్తం కలిపితే నలభై.

చదువు సంగతి ఎందుకొచ్చిందంటే, ఆ వాక్యం రాసింది నేను. చందాల పని నాకు అప్పగించింది పెద్దక్కే. “నీకు తూకం తెలుసు, నువ్వే చూడవే పిల్లా” అంది. మొదటి పేజీలో కుడివైపు ఒక పట్టీ ఉంటుంది, ‘ఈ నెల ఇల్లు నిలబెట్టినవాళ్ళు’ అని. అందులో చందా పంపినవాళ్ళ మారుపేరు, పక్కన బిడ్డ పుట్టిన బరువు. ఇదివరకు నెల మొదట్లో పట్టీ ఖాళీగా ఉండేది, డబ్బు వచ్చినకొద్దీ ఒక్కో పేరు ఎక్కించేదాన్ని. ఈమధ్య సైటు మార్చారు, పోయిన నెల పేర్లు వాటంతటవే ఉండిపోతున్నాయి, పంపనివాళ్ళవి నేనే తియ్యాలి. అంతే సంగతి. అది చెబుదామని కూర్చున్నాను. అద్దె పెరిగింది, గడువు ఐదో తారీఖు, వీలైనవాళ్ళు ముందే పంపండి, వీల్లేనివాళ్ళు పంపకపోయినా ఏం పరవాలేదు అని రాద్దామనుకున్నాను. పరవాలేదు అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి పిల్ల నీళ్ళ చెంబు ఒంపేసింది, ఫోను తడవకుండా ఎత్తిపట్టుకుని, ఒక చేత్తో గుడ్డ వేసి తుడుస్తూ, ఇంకో బొటనవేలితో నొక్కేశాను. తర్వాత చూసుకుంటే అందులో ఉన్నది ఇది: ‘ఐదో తారీఖు లోపు చందా పంపనివాళ్ళ పేర్లు తీసేస్తాను.’ పరవాలేదు అన్నది ఎక్కలేదు. పట్టీలోంచి అన్న మాట రాయనే లేదు. నా బుర్రలో పట్టీ ఉంది, కాగితం మీద లేదు. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు, చూశారా, అదీ నా చదువు. పేర్లు తీసేస్తాను అంటే పట్టీలోంచి తీసేస్తానని కాక ఇంకేమనుకుంటారు అనుకున్నాను. బడి మాస్టారు ఒకరు నా వ్యాసం మీద ఎర్ర సిరాతో ‘ఎక్కడ నుండి?’ అని రాసేవారు. రైలు బయలుదేరెను. ఎక్కడ నుండి? పేర్లు తీసేస్తాను. ఎక్కడ నుండి?

గంటలోపే కింద ఆమె జవాబు. ‘సరేనమ్మా. ఈ నెల నా దగ్గర లేదు. తీసెయ్యండి. వెళ్తాను.’

వెళ్తాను. వెళ్ళొస్తాను కాదు. వస్తాను కాదు. ఉంటాను కాదు. మామూలుగా ఫోను పెట్టేసేటప్పుడు కూడా ఉంటాను అంటాం కదా. ఆ మాట చూడగానే చాట కింద పెట్టి గుమ్మం దాకా వచ్చింది మా అమ్మమ్మ నాలో, అనిపో, అనిపో అంటూ. నేను వెంటనే ఆమెకొక్కదానికే విడిగా రాశాను, అయ్యో, సైటులోంచి కాదమ్మా, పట్టీలోంచి, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు, డబ్బు లేకపోతే లేకపోయింది, అని ఇంత పొడుగు రాశాను. ఆమె చూడలేదు. ఎవరు ఎప్పుడు చివరిసారి వచ్చారో సైటు చూపిస్తుంది. ఆ వెళ్తాను రాసిన నిమిషమే చివరిది. నాలుగు రోజులుగా గంటగంటకీ చూస్తున్నాను, అదే నిమిషం. ఫోనులో ‘వె’ కొడితే పైన మాటలు అందిస్తుంది కదా, అదేమైనా అందించి ఉంటుందా, చూసుకోకుండా నొక్కిందా అని నేనూ కొట్టి చూశాను. నా ఫోను వెళ్ళొస్తాను అని ముందు అందించింది. అత్తయ్య ఫోనులో కొట్టాను, వెల్లుల్లి అంది. అంటే మనం ఎప్పుడూ ఏది అంటామో అదే అందిస్తుందట. మరి ఆమె ఫోను ఏది అందిస్తుంది, రోజూ ఏ మాట రాస్తే అది ముందుకొస్తుంది, ఎవరికి రాసింది, రాసి పంపకుండా ఎన్నిసార్లు చెరిపేసింది.

ఇది కాదు అసలుది. అసలుది ఇంకోటి ఉంది, దాని దగ్గరికి రాకుండా చుట్టూ తిరుగుతున్నాను. దానికి ముందు వారం ఆమె ఒక ముక్క రాసింది. ‘వీడు ఏడుస్తుంటే వినపడుతోంది గానీ నాకేమీ అనిపించడం లేదు. మిషన్ తొక్కుతూనే ఉన్నాను.’ నేను చదివాను. చదివి, దీనికి బాగా ఆలోచించి రాయాలి, ఊరికే ధైర్యంగా ఉండు అంటే సరిపోదు, ముందు ఆ చందాల సంగతి తేల్చుకుని నింపాదిగా రాద్దాం అనుకున్నాను. ఇద్దరు ముగ్గురు రాశారు, నిద్ర లేకపోతే అలాగే ఉంటుంది అని. నేను రాయలేదు. నేను ఆమెకి రాసిన మొదటి మాట, ఆ తర్వాత, పేర్లు తీసేస్తాను. నాకూ అలా ఉండేది. పిల్ల ఇంటికొచ్చిన కొత్తలో నేనూ గోడవైపు తిరిగి పడుకుని, ఆ ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినేదాన్ని. అప్పుడు ఈ అత్తయ్యే, ఈ కిర్రుమనే తలుపే, ఏమీ అడక్కుండా పిల్లని ఎత్తుకుపోయేది, రెండు గంటలకి తెచ్చి పక్కన పడుకోబెట్టి “ఇదిగో, నీ వస్తువు” అనేది. ఆమెకి తలుపు కిర్రుమనిపించేవాళ్ళు ఎవరున్నారు. ఏనుగు తొండం.

నిన్న పెద్దక్కతో మాట్లాడాను. ఆమెకి మెయిలు పంపానే, చూడలేదు, అంది. నువ్వు రాసిన దాంట్లో అంత తప్పేమీ లేదు, అందరికీ అర్థమైంది, పాపం ఆ పిల్ల అలిసిపోయి ఉండి ఒక్కతే తప్పుగా చదువుకుంది, అంది. పోలీసులకి చెబుదామా అక్కా అన్నాను. “చెబుదాం. పేరేమిటంటారు. ఊరేదంటారు. ఏం చెబుతాం? అడక్కూడదని పెట్టుకున్నాం కదే.” బరువు చెబుతాం అన్నాను. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి ముక్కు ఎగబీల్చడం వినపడింది.

చెయ్యి మొద్దుబారింది. మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా చీమలు. పిల్ల నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ప్రతి ఊపిరి చివర చిన్న ఈల. పన్నెండు కిలోల మూడొందలు, నా చెయ్యి చెబుతోంది, మొద్దుబారినా చెబుతోంది. మూడుంబావు కావొస్తోంది. గుర్ర్. ఇరవై రెండు. ఇరవై మూడు. ఆ పళ్ళెం కొద్దికొద్దిగా జరుగుతోంది, ఫ్రిజ్ అంచు దాకా వచ్చింది, ఇంకో అయిదుగురు పంపితే కింద పడుతుంది, పడితే పిల్ల లేస్తుంది. వీటిలో ఏదో ఒకటి తొంభై రెండు కావాలి. ఏదో ఒకటి. అద్దె నిండకపోయినా సరే, సైటు ఐదింటికి ఆగిపోయినా సరే, ఒక్క తొంభై రెండు, గడిలో ఉన్నాం. ఇంకేమీ అడగను. అడగనని నాలుగు రోజుల్లో ఎన్నిసార్లన్నానో. తలుపు కిర్రుమనలేదు, అంటే గట్టిగా తెరిచారు, అంటే మా ఆయన. లిఫ్టులు బాగుచేస్తాడు, చేతులకి ఎప్పుడూ గ్రీజు. భుజం మీది సంచి దించబోయి, పిల్లని చూసి గాల్లోనే ఆగిపోయాడు.

“ఫోను,” అన్నాను పెదాలతో.

ఫ్రిజ్ అంచున ఉన్న పళ్ళెం పడకుండా పట్టుకుని, ఫోను తీశాడు. తెచ్చి నా మొహం ముందు పట్టుకుని, గ్రీజు బొటనవేలితో మెల్లగా పైకి తోస్తూ, తనే చదవసాగాడు. “నూట ముప్పై. నూట ఐదు. రెండొందల యాభై అయిదు, ఇదేంటి, తగ్గింపు అడగలేదు ఈసారి.” అద్దె నిండిందట, మిగిలిందట, పైన కనిపిస్తోంది. “నిండిందోయ్,” అన్నాడు. నేను తలాడించలేదు. “తొంభై రెండు,” అన్నాడు.

నా ఒళ్ళు కదిలింది. పిల్ల చెయ్యి విసిరి, మళ్ళీ సర్దుకుంది.

“గడిలో. గడిలో ఏముంది?”

“రెండు కిలోలు తరఫున. పేరు ఉంచండి.”

ఆమె కాదు. ఆమె తరఫున ఎవరో. మా ఆయన బొటనవేలు జరిగింది. “ఇంకో తొంభై రెండు. ఇదీ రెండు కిలోలు తరఫున అనే. ఇంకోటి. తన దగ్గర లేదంది కదా, నేను కడుతున్నాను, తీసెయ్యకండి, అట. ఇంకోటి.” మొత్తం తొమ్మిది. తొమ్మిది మంది, ఒకరికి తెలియకుండా ఒకరు, తొంభై రెండు, తొంభై రెండు. తొమ్మిదిసార్లు నా గుండె లేచి కూర్చుంది, తొమ్మిదిసార్లు పడుకుంది. కవలలమ్మ తన గడిలో తగ్గింపుకి బదులు ‘నన్ను తీసెయ్యకండి, పోయిన నెల ఆలస్యమైంది, క్షమించండి’ అని రాసింది. ఇంకొకరు ‘నా పేరు ఉంచండి, నాకు ఇంకో చోటు లేదు.’ ఇంకొకరు ‘అప్పు తెచ్చి పంపుతున్నా.’ అందరికీ అర్థమైందే, అంది పెద్దక్క. అందరికీ అర్థమైంది, నిజమే, ఆమెకి అర్థమైనట్టే. వెలివేస్తాననే అర్థమైంది. అందుకే పళ్ళెం అంతలా గుర్రుమంది. అద్దె నింపింది నా తప్పే.

“అరవై ఒకటి,” అన్నాడు మా ఆయన. ఆగాడు. అరవై ఒకటి ఎవరో ఆయనకి తెలుసు, చెప్పాను. “ఇందులో ఏదో ఉందే.”

మూడేళ్ళలో ఎప్పుడూ ఆ గడిలో ఏమీ ఉండలేదు. చదవమన్నాను. ఆయన చదవకుండా తెర నా కళ్ళ దగ్గరికి తెచ్చాడు. ‘మా పాప పేరు తియ్యకండి. రాసి ఉన్నది అక్కడొక్కచోటే.’

పిల్ల మీద కన్నీళ్ళు పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను. మా ఆయన తన చొక్కా చేతితో తుడవబోయి, గ్రీజు చూసుకుని, అత్తయ్య కొంగులా ఏదీ దొరక్క, దిండు గలీబు కొసతో తుడిచాడు. “నేను కొడతాను, నువ్వు చెప్పు,” అన్నాడు. చెప్పాను. ‘ఎవరి పేరూ ఎక్కడ నుండీ తియ్యను. డబ్బు పంపినా, పంపకపోయినా. పిల్లలు ఉన్నా, లేకపోయినా. తప్పు నాది.’ ఎక్కడ నుండీ అన్నది ఉంచాలా, బాలేదేమో, అన్నాడు. ఉంచండి, అది మా మాస్టారిది, అన్నాను. ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా రెండుసార్లు చదివించుకుని, అప్పుడు పంపించాను. తర్వాత అడిగాను, అయిదు నెలలుగా ఆగిపోయి, నాలుగంతస్తులకి తక్కువ కాని బిల్డింగులో, ఎవరూ బాగుచెయ్యని లిఫ్టులు ఎన్ని ఉంటాయి అని. సగమే చెప్పానన్నాను కదా, మిగతా సగం అప్పుడు చెప్పాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. “మా కంపెనీ ఫిర్యాదుల పుస్తకంలోనే నలభై దాకా ఉంటాయి. ఈ ఊరో కాదో.” ఫోను పళ్ళెంలో కాకుండా దుప్పటి మీద పెట్టి, దించని సంచి మళ్ళీ భుజానికి సర్దుకున్నాడు. “పనికి పోతూ వస్తూ రోజుకి రెండు చూసుకుంటాలే. ఏనుగు ఏ వైపు గోడకో చెప్పిందా?” చెప్పలేదు. “సరే, రెండు వైపులా చూస్తా. వస్తా.” వస్తా అనే వెళ్ళాడు. ఐదింటికి సైటు ఆగలేదు. అది జరిగి వారమైంది, ఇవాళ్టికి ఆయన పధ్నాలుగు బిల్డింగుల మెట్లెక్కాడు, ఏనుగు కనపడలేదు. ఆమె చివరిసారి వచ్చిన నిమిషం సైటులో మారలేదు.

ఆ మధ్యాహ్నం అనుకున్నదంతా రాసి చూపిస్తే, పెద్దక్క ఇది సైటు మొదటి పేజీలో పెట్టమంది, సభ్యులు కానివాళ్ళు కూడా చదివేచోట. మీరు చందా పంపక్కర్లేదు, అద్దె నిండింది. మీరుండే చోట గానీ, మీకు తెలిసిన చోట గానీ, లిఫ్టు ఆగిపోయిన బిల్డింగు ఉంటే, ఒక్కసారి మెట్లెక్కండి. రెండో అంతస్తు మలుపులో గోడ మీద సుద్ద ఏనుగు ఉందేమో చూడండి. సుద్ద కదా, చెరిగిపోయి ఉండొచ్చు, తొండం ఒక్కటే మిగిలినా చాలు. నాలుగో అంతస్తులో కుట్టుమిషన్ చప్పుడు వింటే తలుపు కొట్టండి, వినపడకపోతే ఇంకాస్త గట్టిగా కొట్టండి. ఎవరూ పలక్కపోతే దిగి వచ్చెయ్యకండి, పక్కవాళ్ళని పిలవండి. తెరిస్తే పేరు అడక్కండి. పిల్లాడు ఇప్పుడెంత ఉన్నాడమ్మా అని అడిగి, కాసేపు ఎత్తుకోండి, ఆమెని పడుకోనివ్వండి. పట్టీలో తన పేరు అలాగే ఉందని చెప్పండి. వచ్చేటప్పుడు వెళ్ళొస్తాను అనండి, ఆమె చేత కూడా ఏదో ఒకటి, ఉంటాను అనైనా అనిపించుకుని రండి.